మోనార్క్ సీతాకోకచిలుకల కోసం మా కాలనీలో ఏ మొక్కలు నాటాలి?

ప్రశ్న:
డాలస్ శివారులోని మా కాలనీలో కొంత ఉమ్మడి స్థలం ఖాళీగా ఉంది. మార్చిలో మెక్సికో నుంచి ఉత్తరానికి, అక్టోబరులో తిరిగి దక్షిణానికి మా మీదుగా సాగిపోయే మోనార్క్ సీతాకోకచిలుకల కోసం అక్కడ తోట పెంచాలని ఇరుగుపొరుగువారం అనుకుంటున్నాము. నర్సరీలలో మోనార్క్ గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్కల్లో ఎరుపు, పసుపు పూల రకం సులువుగా దొరుకుతోంది. దానినే నాటవచ్చునా?

జవాబు 1:
దయచేసి దానిని నాటకండి. అది ఉష్ణమండలపు జాతి. చలి తక్కువగా ఉన్న ఏడాది అది ఎండిపోకుండా నిలిచిపోతుంది కనుక, ఓఈ అనే పరాన్నజీవి బీజాలు ఆకులపై పేరుకుంటాయి. వాటిని తిన్న గొంగళిపురుగులు రెక్కలు సరిగా విచ్చుకోని సీతాకోకచిలుకలుగా మారే ప్రమాదం ఉంది. టెక్సాస్‌కు స్థానికమైన యాంటిలోప్‌హార్న్స్ మిల్క్‌వీడ్ మేలు. కొనే ముందు మొక్కకు గొంగళిపురుగులను చంపే నియోనికోటినాయిడ్ పురుగుమందు వాడారేమో తప్పక అడగండి.

జవాబు 2:
మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబానిదేనండి. మన ఊళ్లలో జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజ రంగు సీతాకోకచిలుక మోనార్క్‌కు దగ్గరి చుట్టం. అయితే అక్టోబరులో వచ్చేవాటికి ఆకుల కంటే మకరందమే ముఖ్యం, ఎందుకంటే మెక్సికో కొండల్లోని ఒయామెల్ అనే ఫర్ చెట్ల అడవుల్లో చలికాలం గడపడానికి కావలసిన కొవ్వును అవి దారిలోనే కూడబెట్టుకోవాలి. అందుకు ఫ్రాస్ట్‌వీడ్, మిస్ట్‌ఫ్లవర్ నాటండి. నేలలో గూళ్లు కట్టుకునే స్థానిక తేనెటీగల కోసం కొంత మట్టిని ఏమీ కప్పకుండా వదిలిపెట్టండి.

జవాబు 3:
నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ 2015లో ప్రారంభించిన, మోనార్క్‌ల ఆవాసాలను కాపాడతామనే మేయర్ల ప్రతిజ్ఞలో మీ నగరం చేరి ఉందేమో చూడండి. చేరి ఉంటే, రోడ్ల పక్కన పూలు వాడిపోయే వరకు గడ్డి కోయవద్దని నగరపాలకులను అడగడం తేలికవుతుంది.