.243 రైఫిల్‌లో జింకకి కాపర్ బుల్లెట్: ట్విస్ట్ తెలీకుండా గ్రెయిన్లు ఎలా డిసైడ్ చేయాలి?

సియెర్రా_పొద్దు:
అందరికీ నమస్తే. మేం శాక్రమెంటో దగ్గర ఉంటాం, గ్రీన్ కార్డ్ వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్ చేసి లైసెన్స్ తీసుకున్నా, ఈసారి డీర్ ట్యాగ్ (జింకని వేటాడే పర్మిట్) కూడా ఉంది. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర పాత .243 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్ కొన్నా, డీలర్ ద్వారానే ట్రాన్స్‌ఫర్ అయింది. ఆయన ఎప్పుడూ 100 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు లెక్క) సాఫ్ట్ పాయింటే, అంటే ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే బుల్లెట్టే వాడేవారట. కానీ ఇక్కడ కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం బుల్లెట్ వాడకూడదు కదా, అందుకని కాపర్ కొనాలి. షాపులో ఒకతను 100కి తగ్గొద్దు బరువుంటేనే జింక పడుతుంది అంటాడు, పక్కనున్నాయన 80 చాలు అంటాడు. బ్యారెల్ మీద ట్విస్ట్ (లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క) ఎక్కడా రాసి లేదు. నేను 200 గజాలు దాటి కొట్టను. ఏం కొనమంటారు?

పాత_బ్యారెల్:
తమ్ముడూ, ముందు ఒక విషయం, ట్విస్ట్‌కి కావాల్సింది బుల్లెట్ బరువు కాదు, పొడవు. 1879లో గ్రీన్‌హిల్ అనే బ్రిటిష్ గణితవేత్త ఇచ్చిన లెక్కలో కూడా ముఖ్యంగా చూసేది పొడవు, వ్యాసమే. సీసం బుల్లెట్లలో బరువు పెరిగితే పొడవు పెరుగుతుంది కాబట్టి అందరూ గ్రెయిన్లలో మాట్లాడుకుంటారు, అక్కడివరకు ఇబ్బంది లేదు. కాపర్‌తోనే వస్తుంది తేడా, అది సీసం కంటే తేలిక, అదే బరువు రావాలంటే బుల్లెట్ ఇంకా పొడుగ్గా చేయాలి. పొడుగు బుల్లెట్‌కి తిరుగుడు చాలకపోతే వేగం తగ్గిన బొంగరంలా ఊగుతుంది, పేపర్ మీద గుండ్రటి కన్నం బదులు పక్కకి పడి కోసినట్టు పొడుగు కన్నం కనిపిస్తుంది. అలాంటి లోడ్‌తో జంతువు మీద కాల్చడం పాపం.

.243కి మామూలుగా 1:10 ఉంటుంది, అంటే 10 అంగుళాలకి ఒక చుట్టు. దాంట్లో 100 గ్రెయిన్ సీసం చక్కగా పోతుంది, కాపర్ అయితే 80 లేదా 85 తీసుకో. కొన్ని కంపెనీలు 1:10 కంటే కొంచెం టైట్‌గా, అంటే ఇంకా తక్కువ అంగుళాలకే ఒక చుట్టు వచ్చేలా కూడా చేశాయి, కాబట్టి ఊహించకు, కొలువు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి బోల్ట్ తీసేయ్. హ్యాండిల్ తిరిగే రకం క్లీనింగ్ రాడ్‌కి టైట్‌గా ప్యాచ్ పెట్టి లోపలికి తోసి, ప్యాచ్ రైఫ్లింగ్‌ని (లోపలి గాడుల్ని) పట్టుకున్నాక రాడ్ మీద పైవైపు మార్కర్‌తో ఒక చుక్క, రాడ్ మీదే బ్యారెల్ అంచు దగ్గర ఒక టేపు ముక్క పెట్టు. మెల్లగా తోస్తే రాడ్ తిరుగుతుంది, చుక్క మళ్లీ పైకి వచ్చేసరికి టేపు ఎన్ని అంగుళాలు కదిలిందో అదే నీ ట్విస్ట్. ప్యాచ్ జారితే లెక్క తప్పొస్తుంది, ఒకటికి మూడుసార్లు చెయ్యి.

హిల్‌కంట్రీ_బావ:
అన్న చెప్పింది కరెక్టే. మాకు టెక్సాస్‌లో జింక వేటకి సీసం మీద బ్యాన్ లేదు, .243లో 95, 100 గ్రెయిన్‌తో వైట్‌టెయిల్ జింకల్ని ఏళ్ల తరబడి కొడుతున్నారు, అసలు ట్విస్ట్ గురించి ఎవరూ ఆలోచించరు, ఎందుకంటే 1:10కి ఆ బరువులు సరిపోతాయి. ఈ ట్విస్ట్ మీదే ఒక క్యాట్రిడ్జ్ (తూటా రకం) దెబ్బతింది తెలుసా, 1955లో .243 విన్‌చెస్టర్, .244 రెమింగ్టన్ రెండూ వచ్చాయి, రెమింగ్టన్ వాళ్లు చిన్న జంతువుల్ని దృష్టిలో పెట్టుకుని 1:12 ఇచ్చారు, విన్‌చెస్టర్ 1:10 పెట్టి 100 గ్రెయిన్ అమ్మింది. జనానికి జింకకి కూడా పనికొచ్చే రైఫిల్ కావాలి, అందరూ .243 వైపే పోయారు. తర్వాత రెమింగ్టన్ ట్విస్ట్ 1:9 చేసి, 1963లో 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చినా అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పటి 6.5 క్రీడ్‌మూర్ అనే క్యాట్రిడ్జ్‌కి మొదట్నుంచే 1:8 పెట్టింది ఇలాంటి పొడుగు బుల్లెట్ల కోసమే.

సియెర్రా_పొద్దు:
థాంక్యూ అన్నా, కొలిచాను, మూడుసార్లూ 10కి అటూఇటూగానే వచ్చింది. అయితే 80 కాపర్ కొంటా. కానీ అంత తేలిక బుల్లెట్ జబ్బ ఎముక తగిలితే ఆగిపోదా? షాపతను అదే భయపెట్టాడు.

పాత_బ్యారెల్:
ఆగదు. సీసం బుల్లెట్ లోపల కొంత ముక్కలై బరువు పోగొట్టుకుంటుంది, కాపర్‌ది ముందుభాగం రేకుల్లా విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా అలాగే ఉంటుంది, అందుకే 80 అయినా చాలాసార్లు అటుపక్కకి దూసుకుపోతుంది. కాకపోతే విచ్చుకోవడానికి దానికి వేగం కావాలి, తగిలేటప్పుడు సెకనుకి 2000 అడుగులకి పైన ఉంటే నిశ్చింత, .243తో 200 గజాల్లో అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. 55 గ్రెయిన్ వార్మింట్ (చిన్న జంతువుల కోసం చేసిన) బుల్లెట్లు మాత్రం జింకకి వాడకు, అవి పైపైనే పగిలిపోతాయి, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది.

ఇంకోటి, పెద్దాయన స్కోప్ జీరో (గురి సెట్టింగ్) 100 గ్రెయిన్‌కి పెట్టి ఉంటారు, కాపర్ వేరే చోట తగులుతుంది. బ్యారెల్ బాగా క్లీన్ చేసి, వేటకి తీసుకెళ్లే లోడ్‌తోనే 100 గజాల్లో బ్యాగ్ మీద పెట్టి జీరో చెయ్యి. రెండు బ్రాండ్లు తెచ్చుకుని, మూడేసి షాట్ల గ్రూపులు కొట్టి చూడు, దగ్గరగా పడిందే నీ బుల్లెట్, గ్రెయిన్ గొడవ అక్కడితో సరి. కన్నాలు గుండ్రంగా ఉన్నాయో లేదో దగ్గరికెళ్లి చూసుకో.