జెర్సీ సిటీ వెళ్తున్నా: న్యూయార్కులో దగ్గర కూర్చుని సాక్స్ వినే చోటు, పాత ఎల్పీలు దొరికే కొట్టు చెప్పగలరా?

బ్రాడీపేట సాక్స్:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బ్యాండు మేళంలో ఆల్టో సాక్స్ వాయిస్తూ వయసైపోయింది. ఇప్పుడు మేళం మా తమ్ముడు నడుపుతున్నాడు, ముహూర్తాలు మీదమీద పడితేనే నన్ను పిలుస్తాడు. ఆషాఢంలో ఎలాగూ పని ఉండదు, శ్రావణం తమ్ముడు చూసుకుంటానన్నాడు. అంచేత ఆగస్టు ఆఖరు దాకా జెర్సీ సిటీలో మా అబ్బాయి దగ్గర ఉంటాను.

వాడు నయాగరా అంటాడు, కోడలు వాషింగ్టన్ అంటుంది. సరే, రెండూ చూస్తాను, కాదనను. నాకు కావలసింది మాత్రం జాజ్. సాక్స్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి క్యాసెట్లు అరగదీసి కీర్తనలు పట్టుకున్నవాణ్ణి. ఆయన 2008లో రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికా ఆల్టో ఆయనతో కలిసి 'కిన్స్‌మెన్' అని ఒక ఆల్బం చేశారు. మావాడు అది వినిపించిన దగ్గర్నుంచీ పట్టుకుంది ఈ పిచ్చి. కానీ ఫోన్లో ఎంతసేపు చూసినా కెమెరా మొహం మీదే ఉంటుంది. రీడు మీద కింది పెదవి ఎంత మడిచాడో, ఎడం చేతి బొటనవేలు ఆక్టేవు కీ మీద ఎప్పుడు నొక్కి ఎప్పుడు వదిలాడో కనబడదు. అది కనబడేంత దగ్గర కూర్చోవాలి నేను.

అడగాల్సినవి ఇవీ: మందు తాగకపోతే లోపలికి రానిస్తారా? నేను శాకాహారిని, అక్కడ ఏం తినాలి? రాత్రి పూట జెర్సీకి తిరిగి రావడం ఎలా? ఎల్పీలు ఎక్కడ కొనాలి? ఇంట్లో పాత హెచ్‌ఎంవీ ఫియస్టా ప్లేయరు ఉంది, తిరుగుతోంది. లేదంటే అక్కడే ఒకటి కొని తెచ్చుకోమంటారా? ఇంకోటి, నవ్వకండి: సాక్స్ వెంట తెచ్చుకుంటే ఎక్కడైనా నలుగురితో కలిసి వాయించనిస్తారా?

తెనాలి అమ్మాయి, జెర్సీ:

బాబాయ్ గారూ, మీరు దిగబోయే చోటే మీకు కలిసొచ్చింది. జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూయార్కుకి వెళ్ళే పాత్ రైలు ఎక్కితే క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బు. 1935 నుంచీ ఆ నేలమాళిగలోనే ఉంది. పేరున్న సాక్స్ వాద్యకారులు సన్నీ రోలిన్స్ 1957లో, జాన్ కోల్ట్రేన్ 1961లో లైవ్ రికార్డింగులు చేసింది అక్కడే. మెట్లు నిటారుగా ఉంటాయి, రెయిలింగు పట్టుకుని దిగండి. హాలు చిన్నది. సీటు నంబర్లు ఉండవు కాబట్టి తలుపులు తీసే వేళకే వెళ్ళి ముందు బల్ల పట్టుకోండి. వేళ్ళేమిటి, ప్యాడు మూసుకునే టపటప కూడా వినిపిస్తుంది. ఫోను జేబులోనే ఉంచండి, ఫోటోలు తియ్యనివ్వరు.

టిక్కెట్టు నలభై డాలర్లకి అటూ ఇటూ. ముందే ఆన్‌లైన్లో కొనండి. దానిపైన ఒక డ్రింకు తప్పనిసరి, కానీ కోకు, జ్యూసు తీసుకున్నా సరిపోతుంది. తిండి పెట్టరు. జర్నల్ స్క్వేర్ పక్కనే ఇండియా స్క్వేర్‌లో దోసెలు తినేసి రైలెక్కడం నయం. ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు, పాత్ రాత్రంతా తిరుగుతుంది.

మీకైతే సోమవారం వెళ్ళమంటాను. 1966లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ అక్కడ సోమవారాలకని ఒక పెద్ద బ్యాండు పెట్టారు. వాళ్ళిద్దరూ పోయినా వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా పేరుతో ఆ వరస ఇంకా నడుస్తోంది. ఒకే వరసలో అయిదు సాక్సులు కూర్చుంటాయి. మేళంలో పనిచేసినవారు కదా, ఒకళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్ళు ఎలా నిలబెడతారో మీకు తెలిసినట్టు మాకు తెలియదు.

పర్యాటకులు ఎగబడే ఇంకో పేరున్న క్లబ్బుకి మా ఆయన్ని తీసుకెళ్ళాను. మోచెయ్యి కదపడానికి చోటులేదు, ముందొకాయన భోజనం చేస్తూనే ఉన్నాడు పాపం. పేరెందుకులెండి. ఆ డబ్బుతో స్మాల్స్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చు. అది వాన్‌గార్డ్‌కి కూతవేటు దూరంలో, పదో వీధిలో ఉంది, 1994లో పెట్టారు. అదీ నేలమాళిగే. రాత్రి పొద్దుపోయాక జామ్ సెషన్, అంటే వచ్చినవాళ్ళు కలిసి అప్పటికప్పుడు వాయించుకోవడం, ఉంటుంది. మీ చివరి ప్రశ్నకి జవాబు అక్కడుంది.

ఇంకోటి మర్చిపోయేదాన్ని. ఏటా ఆగస్టు చివర్లో చార్లీ పార్కర్ ఫెస్టివల్ జరుగుతుంది, 1993 నుంచీ. హార్లెంలో మార్కస్ గార్వీ పార్కు, ఈస్ట్ విలేజ్‌లో టాంప్కిన్స్ స్క్వేర్ పార్కు. ఉచితం. డ్రింకు గొడవా లేదు, పులిహోర డబ్బా పట్టుకెళ్ళొచ్చు. పార్కర్ 1950 నుంచి నాలుగేళ్ళు ఆ టాంప్కిన్స్ పార్కు ఎదురింట్లోనే కాపురమున్నాడు. ఆయనదీ ఆల్టోనే కదా. టిక్కెట్టు మాత్రం అది అయ్యాకే తిరుగు ప్రయాణానికి చేయించుకోండి.

బెజవాడ ఎల్పీ:

అన్నగారూ, ముందు ఫియస్టా సంగతి. అందులో ముల్లుని పట్టుకునే భాగం పాతకాలపు సిరామిక్ కార్ట్రిడ్జి, ముల్లు బరువుగా దిగుతుంది. ముల్లు మార్చకుండా కొత్త రికార్డు పెట్టారో, పది సార్లు వినేసరికి పైస్థాయి స్వరాలన్నీ బరబరమంటాయి. రికార్డుల కంటే ముందు ముల్లు కొనండి.

అమెరికాలో ప్లేయరు కొనే పనైతే మోటారు ఏ రకమో అడగండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజీ సర్దుకుంటుంది, హెర్ట్జ్ సర్దుకోదు. పాత ఏసీ సింక్రోనస్ మోటారు దాన్ని పట్టుకునే తిరుగుతుంది కనక, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది మన దగ్గర 28 లోపే తిరుగుతుంది. పాట నీరసంగా సాగుతుంది, శ్రుతి మూడు మెట్లు పైచిలుకు కిందికి దిగుతుంది. మీకు చెప్పాలా, దాంతో కలిపి వాయించడానికి కూడా పనికిరాదు. అడాప్టరుతో నడిచే డీసీ మోటారుదైతే ఈ బెడద లేదు.

కొట్టు అంటే నా ఓటు ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్చేంజికి. న్యూజెర్సీలోనే, 1980 నుంచీ ఉంది. గోడవార ఖరీదైనవి, కింద పెట్టెల్లో చవకవి. మోకాళ్ళ మీద కూర్చుని కింద పెట్టెలు వెతకండి. అసలు ప్రెస్సింగు, అంటే మొదట్లో అచ్చేసిన ప్రతి, అని చెప్పి వందల డాలర్లు అడిగేవి వదిలెయ్యండి, వాయించేవాడికి కావలసింది అట్ట కాదు. కానన్‌బాల్ ఆడర్లీ 'సమ్‌థింగ్ ఎల్స్' మాత్రం ఏ ప్రెస్సింగైనా తెచ్చుకోండి. 1958లో తీసింది, ఆల్టో మీకు పక్కన నిలబడి వాయించినట్టుంటుంది. దాన్ని రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డర్ అప్పట్లో న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదినే స్టూడియో చేసుకున్నాడు. ఆ రికార్డు వేసిన బ్లూ నోట్ కంపెనీది పాత రికార్డు దొరికితే లేబులు పక్కన, పాట అయిపోయిన నున్నటి జాగా మీద వాలుగా వెలుతురు పడేట్టు పట్టుకోండి. ఆయన పేరో, ఆర్‌వీజీ అనే అక్షరాలో చెక్కి కనబడితే ఆయన చేతిమీదుగా వచ్చినట్టు.

తెచ్చేటప్పుడు రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కవరుతో పాటు అట్ట వెనక పెట్టి ప్యాక్ చెయ్యండి. లేకపోతే కుదుపులకి అట్ట అంచు చీలిపోతుంది. చేతి సంచిలోనే తెచ్చుకోండి. ఇంటికొచ్చాక బీరువాలో నిలువుగా పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు. రోహిణి కార్తెలో మేడమీద గదిలో పెట్టిన నా రికార్డులు అప్పడాల్లా తయారయ్యాయి.

గుణదల కీబోర్డు:

గురువుగారూ, నేను చర్చిలో, ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. జామ్‌కి వెళ్తే వాళ్ళు పాట పేరు, స్కేలు చెప్పి వెంటనే మొదలెట్టేస్తారు. అందుకని ఇక్కడే ఒక్క బ్లూస్ పాట తయారు చేసుకోండి, జాజ్‌లో అందరికీ తెలిసిన వరస అది. పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. ఆదితాళంలో ఆరు ఆవర్తాలు. ఆరోది పూర్తయ్యాక మళ్ళీ సమానికే వస్తారు. చెయ్యి వేసుకుంటూ వినండి, రెండు రోజుల్లో లెక్క ఒంటబడుతుంది.

వాళ్ళు బీ ఫ్లాట్ అంటే మీ ఆల్టో మీద జీ, ఎఫ్ అంటే డీ. తడబడకండి. మన గమకం వదలక్కర్లేదు, బ్లూస్‌లో గాంధారం వంచే వాయిస్తారు. కాకపోతే రెండు మూడు చుట్లు వాయించి పక్కవాడికి వదిలెయ్యాలి. ఊరేగింపులో వాయించినట్టు గంటసేపు పట్టుకుంటే మళ్ళీ పిలవరు! మొదటి రాత్రి సాక్స్ పెట్టె తెరవకుండా ఊరికే కూర్చుని, ఎవరు ఎప్పుడు లేస్తున్నారో చూసి రండి.

బ్రాడీపేట సాక్స్:

తల్లీ, సోమవారం ఖాయం. తిరుగు ప్రయాణం సెప్టెంబరుకి మార్చమని మావాడికి చెప్పేశాను. తమ్ముడూ, ముల్లుకి ఇవాళే ఆర్డరు పెట్టించాను. అబ్బాయ్, గంటసేపు అన్నావు చూడు, మా తమ్ముడూ అదే అంటాడు నన్ను.

మిగిలింది ఒక్కటే. మావాడిది అపార్టుమెంటు. గోడవతల చంటిబిడ్డ ఉందట. సాధన ఎక్కడ చెయ్యను?

తెనాలి అమ్మాయి, జెర్సీ:

సన్నీ రోలిన్స్‌కీ ఇదే చిక్కొచ్చింది బాబాయ్ గారూ, పక్కింటావిడ నిండు గర్భిణి. అప్పటికే పెద్ద పేరున్నవాడు, 1959లో కచేరీలు మానేసి, రోజూ విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికెళ్ళి రైళ్ళ రొదలో సాధన చేసుకున్నాడు. 1961లో గానీ మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆ వంతెన మీద ఇప్పటికీ నడక దారి ఉంది, డెలాన్సీ స్ట్రీట్ వైపు నుంచి ఎక్కొచ్చు. మైకూ స్పీకరూ పెట్టకపోతే న్యూయార్కు వీధుల్లో వాయించుకోవడానికి పర్మిటు అక్కర్లేదు. సైకిళ్ళు మాత్రం జోరుగా వస్తాయి, ఓ పక్కగా నిలబడండి.