‘రూట్’కు తెలుగు: వేరా, మూలమా, పెత్తనమా?

ప్రశ్న: మాస్టారూ, కొత్త ఫోన్లను రూట్ చేసుకునేవారు వాడే ఒక యాప్ తెరలను తెలుగులోకి తెస్తున్నాను. ‘రూట్ యాక్సెస్’ (ఫోను లోపల దేన్నైనా మార్చగలిగే అధికారం) దగ్గర ఆగిపోయాను. ‘వేరు అనుమతి’ అని పెడితే అందరూ ‘వేరే అనుమతి’ అని చదువుకుంటున్నారు. ‘మూల ప్రవేశం’ అంటే ఏ మూల అని అడిగారు. దారి చూపండి.

జవాబు: అడగరా మరి! వేరు ఒక్కచోట నిలిచే మాట కాదు. చెట్టు కింద ఉంటే వేరు, అన్నదమ్ములు పొయ్యి విడిగా పెట్టుకుంటే వేరు కాపురం. పక్కన ‘చేయడం’ చేర్చారో, పని చెడినట్టే. ‘ఫోనును వేరు చేశాను’ అంటే ముక్కలుగా విప్పేశారనుకుంటారు. బహువచనం ఇంకా తమాషా. వేళ్లు చెట్టువా, చేతివా? వేలిముద్రతో తెరుచుకునే వస్తువు దగ్గర ఆ మాట అసలు వద్దు. పోనీ ఇంగ్లీషు మాటే ఉంచుదామంటే, మన లిపిలో బస్సు వెళ్లే దారీ రూటే.

ముందు ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. కంప్యూటర్లను నడిపే పాత వ్యవస్థ యూనిక్స్‌లో ఫైళ్లన్నీ కలిసి ఒక చెట్టు. అదీ తలకిందుల చెట్టు: మొదలు పైన, కొమ్మలు కిందికి. గీత పదిహేనో అధ్యాయం తొలి శ్లోకంలోని ‘ఊర్ధ్వమూలమధఃశాఖమ్’ గుర్తుకు రావడం లేదూ? అక్కడి అశ్వత్థం సంసారం గురించి చెప్పినదే అయినా, ఫైళ్ల బొమ్మ గీస్తే అచ్చం అలాగే ఉంటుంది. ఆ చెట్టు మొదట్లో మార్పులు చేయగల ఖాతా ఒక్కటే కాబట్టి దానికీ రూట్ అనే పేరు పడిందంటారు. ఖాతాల్లో దాని సంఖ్య సున్నా. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది యూనిక్స్ పద్ధతిలో నడిచే లైనక్సే కనుక ఈ లెక్క ఫోనులోకీ దిగింది. మనం వేసుకునే యాప్‌లకు 10000 నుంచి సంఖ్యలు ఇస్తారు. ఎవరి గది వారిది. సున్నాకు మాత్రం అన్ని గదులూ తెరిచే ఉంటాయి. ఆదేశాలు టైపు చేసే తెర మీద ‘ఎస్’, ‘యు’ అని రెండు అక్షరాలు కొట్టి అక్కడికి చేరితే, వరుస మొదట్లోని డాలరు గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది. కలిపి చదివితే ‘సు’, మనకు మంచిని చెప్పే ఉపసర్గ. జరిగేది మంచేనా అన్నది వేరే సంగతి. (అదిగో, మళ్లీ వేరే!)

ఆ గుర్తు వెనుక ఎంత బలముందో 2008లో తేలింది. అమెరికాలో తొలి ఆండ్రాయిడ్ ఫోను జీ1 అప్పుడే అమ్మకానికి వచ్చింది. అందులో ఒక లోపం: కీబోర్డు మీద ఏం కొట్టినా, తెర మీద కనబడుతూనే లోపల రూట్ చెవిన కూడా పడేది. ఒకాయన కబుర్ల మధ్యలో ‘రీబూట్’ అని మాట వరసకు కొట్టాడు. ఫోను ఆగిపోయి మళ్లీ మొదలైంది. ఆ లోపాన్ని తర్వాత సరిదిద్దారనుకోండి.

కాబట్టి పేరు చెట్టుదే అయినా సరుకు అధికారం. ‘మూలాధికారం’ అనవచ్చు కానీ, వినగానే మూలాధార చక్రం తిరుగుతుంది. నా ఓటు ‘పెత్తనం’కే. పెద్దతనం అరిగి పెత్తనం అయింది. ఇంటి పెత్తనం ఎవరిదంటే ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇంకొకరు: క్షమించాలి మాస్టారూ, ‘పెత్తనం చెలాయించడం’ అనేది తిట్టు కదా? ‘సర్వాధికారం’ అంటే మర్యాదగా ఉంటుందేమో.

జవాబు: మర్యాదగానే ఉంటుందమ్మా, అందుకే నచ్చలేదు. గజెట్‌లో అచ్చువేసిన ఉత్తర్వులా ఉంది. రూట్‌కు అడ్డు చెప్పేవారు ఉండరు. పొరపాటున తుడిచేయమన్నా తుడిచేస్తుంది. దానికోసం బూట్‌లోడర్ (ఫోను వెలిగించగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) తాళం తీస్తేనే చాలా ఫోన్లలో దాచుకున్నవన్నీ చెరిగిపోతాయి. కొన్ని బ్యాంకు యాప్‌లు అలాంటి ఫోనులో తెరుచుకోనే తెరుచుకోవు. ఆ మాత్రం చేదు మాటలోనూ ఉండనివ్వండి. క్రియకు మాత్రం ‘రూట్ చేయడం’ ఉంచేద్దాం, అది నలిగిన మాట.

ప్రశ్న అడిగినవారు: ‘ఈ యాప్‌కు పెత్తనం ఇవ్వాలా?’ అని పెట్టి చూశాను మాస్టారూ. తెర మీద ఒకే వరుసలో ఇమిడింది. కింద ‘ఇవ్వు’, ‘వద్దు’ అని రెండు బొత్తాలు. మా అమ్మకు చూపించాను. ఏ యాప్ అని కూడా అడగకుండా ‘వద్దు’ నొక్కేసింది.