స్కార్లాట్టి కె. 141 సొనాటా: ఎడమచేతి కార్డుల్లోని కరకు స్వరాలను ఉంచాలా, తీసివేయాలా?

ప్రశ్న:
18వ శతాబ్దపు ఇటాలియన్ స్వరకర్త డొమెనికో స్కార్లాట్టి డి మైనర్ సొనాటాను, అంటే ఆయన రచనలకు కర్క్‌పాట్రిక్ వేసిన పట్టికలో 141వ సంఖ్య (కె. 141) గల రచనను, పియానోపై సాధన చేస్తున్నాను. 3/8 తాళంలో కుడిచేయి ఒకే స్వరాన్ని వరుసగా ఆరేసి సార్లు పలికిస్తుండగా, ఎడమచేయి దట్టమైన కార్డులను, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులను, వాయించాలి. ఆ కార్డుల్లో పక్కపక్క స్వరాలు ఒకేసారి పలికి చెవికి ముద్దగా తగులుతున్నాయి. ఇవి అచ్చుతప్పులా, లేక స్వరకర్త కోరినవేనా? కొన్నింటిని వదిలివేసి వాయించవచ్చా?

మొదటి జవాబు:
అవి అచ్చుతప్పులు కావండీ, దయచేసి తీసివేయకండి. ఈ రచన పియానోకు ముందుతరం కీబోర్డ్ వాద్యమైన హార్ప్సికార్డ్ కోసం పుట్టింది. ఆ వాద్యంలో కీని నొక్కితే జాక్ అనే సన్నని కొయ్యపుల్ల పైకి లేస్తుంది, దానికి అమర్చిన ఈకకాడ ముక్క తీగను మీటుతుంది. వేలితో ఎంత బలంగా నొక్కినా ధ్వని పెద్దగా పెరగదు. అందువల్ల ఒకచోట ఊపు, తీవ్రత కావాలంటే ఒకేసారి పలికే స్వరాల సంఖ్యను పెంచడమే స్వరకర్తకు అందుబాటులో ఉన్న బలమైన మార్గం. మీకు ముద్దగా వినిపిస్తున్న ఆ అదనపు స్వరాలు అక్కడ తాళానికి దరువు వేస్తున్నాయి. వాటిని ఇటలీలో అచ్చకతూరా అనేవారు. ఫ్రాంచెస్కో గాస్పరీని 1708లో వెనిస్‌లో ప్రచురించిన హార్ప్సికార్డ్ సహవాద్య గ్రంథంలోనే వాటి ప్రస్తావన ఉంది. స్కార్లాట్టి కొత్తదనం వాటిని కనిపెట్టడంలో లేదు, ఇంత నిర్భయంగా గుప్పించడంలో ఉంది. 1729 నుంచి ఆయన స్పెయిన్‌లోనే ఉన్నారు కనుక, ఈ కార్డుల్లో గిటార్ తీగలన్నింటినీ ఒక్క ఊపున మీటిన ధ్వని చాలామందికి వినిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

రెండో జవాబు:
మీ దగ్గరున్న ప్రతి ఏదో ఒకసారి చూసుకోండి. సంపాదకుడు అలెస్సాండ్రో లోంగో 1906 నుంచి వెలువరించిన సంపుటాలు ఈ సొనాటాలను లోకానికి చేర్చి గొప్ప మేలు చేశాయి గానీ, ఆయన తనకు కరకుగా తోచిన స్వరాలను అనేక చోట్ల సవరించారు. స్వరకర్త స్వదస్తూరీ ప్రతులు మనకు దక్కలేదు. వెనిస్, పార్మా గ్రంథాలయాల్లోని రాతప్రతులే ప్రధాన ఆధారం. వాటిని అనుసరించిన ముద్రణను ఎంచుకుంటే మీ సందేహం చాలావరకు తీరుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్ని స్వరాలనూ ఉంచుతాను. అయితే పియానో మంద్రస్థాయి బరువుకు కుడిచేయి మునిగిపోతోంది, దానికేం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎడమచేతి బరువు తగ్గించండి, స్వరాలను తగ్గించకండి. కార్డును కింది స్వరం నుంచి పైకి ఒక్కో స్వరంగా అతివేగంగా విరిచి, వెంటనే వేళ్లు ఎత్తివేయండి; పెడల్ తాకకపోతే ముద్ద చాలావరకు విడిపోతుంది. కుడిచేతిలో ప్రతి స్వరానికీ వేలు మార్చాలి, 3-2-1 (మధ్యవేలు, చూపుడువేలు, బొటనవేలు) క్రమం చాలామందికి ఒదుగుతుంది. హార్ప్సికార్డ్‌లో జాక్ తీగ కిందికి దిగితేనే మళ్లీ మీటగలదు కాబట్టి, అక్కడ కీని బాగా పైకి రానివ్వాల్సిందే. పియానో తయారీదారు ఎరార్ 1821లో పేటెంట్ పొందిన యంత్రాంగం పుణ్యమా అని నేటి గ్రాండ్ పియానోలో కీ సగం లేచినా స్వరం మళ్లీ పలుకుతుంది. మీది నిలువు పియానో అయితే ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు కనుక, వేగాన్ని కాస్త తగ్గించుకోండి.