ఒకే మీటరు, రెండు కుటుంబాలు: అమ్మ వితంతు పెన్షన్‌కి 300 యూనిట్ల లెక్క ఎలా?

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరు. నాన్న పోయాక అమ్మకి నెలకు 4,000 వచ్చే వితంతు పెన్షన్ అడిగితే, కరెంటు వాడకం 300 యూనిట్లు దాటింది కాబట్టి అర్హత లేదన్నారు. మాగాణి 3 ఎకరాల లోపే. కారు లేదు, ప్రభుత్వ ఉద్యోగులు లేరు, ఇంటి ఆదాయం నెలకు 10,000 దాటదు. అడ్డంకల్లా ఆ మీటరే. పై వాటాలో ఉండే బాబాయి వాళ్ల ఏసీ కూడా దాని మీదే నడుస్తుంది. వాళ్ల రైస్ కార్డు వేరు, వంట వేరు. అయినా లెక్కంతా అమ్మ మీదే పడటం అన్యాయంగా ఉంది. మందులకి ఈ డబ్బే ఆధారం, చాలా టెన్షన్‌గా ఉంది.

బాబాయి వాళ్లకి వేరే మీటరు పెట్టిస్తే సరిపోతుందా? లేక పాత నెలల సగటు తగ్గేదాకా ఆగాలా? మీటరు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, ముందు అది మార్పించాలా? ఇలా సరిచేయించుకున్నవాళ్లు ఏ కాగితాలు ఇచ్చారో దయచేసి చెప్పండి.