అప్‌డేట్: అమ్మ గురించి మాట్లాడగలిగాను

82 ఏళ్లకి పోయిన మా అమ్మ జీవితాన్ని అందరి ముందు ఐదు నిమిషాల్లో ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను కదా. "పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి, మనవళ్లని అడగండి" అన్నవాళ్లకి రుణపడి ఉంటాను.

రాసుకున్న మూడు పేజీలూ పక్కన పెట్టేశాను. అన్నయ్య కూతురు ఒక్క మాట చెప్పింది: "కంటి ఆపరేషన్ అయ్యాక నానమ్మకి చూపు బాగానే ఉంది. అయినా సూదిలో దారం ఎక్కించమని నన్నే పిలిచేది. నేను కాసేపు పక్కన కూర్చోవాలని." అక్కడి నుంచే మొదలుపెట్టాను. గొంతు రెండుసార్లు పూడుకుపోయింది. ఈసారి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఉండటం వల్ల ఆగిన చోట అక్క అందుకుంది.

ఫోన్‌లో అమ్మ వాయిస్ మెసేజ్‌లు 14 దొరికాయి. ఫోన్ మారిస్తే పోతాయేమోనని టెన్షన్ పడి, కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి కాపీ పెట్టాను. ఒకదాంట్లో "ఏం లేదు నాన్నా, ఊరికే చేశాను" అంతే ఉంది. రోజూ అదే వింటున్నాను.

పాత ఫోటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాస్తున్నాను. బాల్‌పెన్ అయితే ఒత్తుడికి ముందువైపు గీతలు తేలుతాయి. అమ్మ చిన్నప్పటి ఫోటోలో ఇద్దరెవరో పిన్నికి ఒక్కదానికే తెలుసు. ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను.