పారామెడికల్ స్టాఫ్‌కి ఎక్సలెన్స్ అవార్డు: ఎంపిక దేన్ని బట్టి చేయాలి?

ప్రశ్న (క్వాలిటీ విభాగం, గుంటూరు)
అందరికీ నమస్కారమండీ. మాది 200 పడకల ప్రైవేటు ఆసుపత్రి. నర్సెస్ డే మే 12న, డాక్టర్స్ డే జులై 1న బాగానే చేస్తాం. ల్యాబ్, ఎక్స్‌రే, ఫిజియో, డయాలసిస్, ఓటీ టెక్నీషియన్లకు మాత్రం ఇన్నేళ్లూ ఏమీ లేదు. ఈసారి వాళ్లకూ అవార్డులు పెడదామంటే మేనేజ్‌మెంట్ సరేనంది. పేషెంట్ ఫీడ్‌బ్యాక్ ఫారాలు తిరగేస్తే అన్నీ ఫిజియోల పేర్లే. ల్యాబ్ వాళ్ల పేరు ఒక్కటీ కనపడలేదు. ఎలా ఎంపిక చేయాలి? ఏ రోజున ఇవ్వాలి? ఫార్మసిస్టులు కూడా ఇందులోకే వస్తారా?

జవాబు (ల్యాబ్ సీనియర్ టెక్నాలజిస్ట్, విశాఖ)
ఆ ఫారాల్లో మా పేర్లు ఎక్కడినుంచి వస్తాయి మేడమ్! పేషెంటుకి గుర్తుండేది రక్తం తీసిన మనిషి ఒక్కరే, అదీ నొప్పి పెడితేనే. వాటిని పక్కన పెట్టి, మా పని మీద ఆధారపడేవాళ్లను అడగండి. ల్యాబ్ గురించి ఐసీయూ సిస్టర్లను, ఓటీ టెక్నీషియన్ గురించి మత్తు డాక్టరుగారిని, డయాలసిస్ గురించి నెఫ్రాలజిస్టును అడిగితే తెలుస్తుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఎవరు బాగా చేస్తారు?" అంటే నవ్వుతూ పలకరించేవాళ్ల పేరే చెప్తారు. "ఈ ఏడాది ఎవరి జాగ్రత్త వల్ల పేషెంటుకి ముప్పు తప్పింది, అప్పుడేం జరిగింది?" అని అడగండి. నామినేషన్ ఫారంలో "కష్టపడి పనిచేస్తాడు, క్రమశిక్షణ ఉంది" అని ఉంటే వెనక్కి పంపేయండి. ఉండాల్సింది ఇలాంటిది: "రాత్రి డ్యూటీలో పొటాషియం 7.1 వచ్చింది (ప్రాణాపాయం కలిగించేంత ఎక్కువ). శాంపిల్ హీమోలైజ్ అయిందేమోనని (రక్తకణాలు పగిలి అంకె తప్పుగా పెరిగిందేమోనని) చూసి, కాలేదని తేల్చుకుని, మళ్లీ రన్ చేసి, వెంటనే ఐసీయూకి ఫోన్ చేసింది. విన్న సిస్టర్ చేత అంకె తిరిగి చెప్పించుకుని, టైము రిజిస్టర్లో రాసింది." చదివినవాళ్లు క్రిటికల్ వాల్యూ రిజిస్టరు (ప్రమాదకర ఫలితాలు ఫోన్‌లో చెప్పినప్పుడు రాసే పుస్తకం) తీసి సరిచూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు
చాలా బాగుంది సార్. కానీ మా హెచ్‌ఆర్ వాళ్లు మార్కుల షీటు కావాలంటున్నారు. ల్యాబ్‌కి టర్న్ అరౌండ్ టైము (రిపోర్టు ఇవ్వడానికి పట్టే సమయం), ఎక్స్‌రేకి రిపీట్ రేటు (మళ్లీ తీయాల్సి వచ్చిన ఫిల్ముల శాతం), తప్పులు సున్నా అయితే పూర్తి మార్కులు అని ఒకటి తయారుచేశాం.

జవాబు (రేడియోగ్రాఫర్, హైదరాబాద్)
మేడమ్, ఆ షీటు దయచేసి ఆపండి. రిపీట్ తక్కువైతే మార్కులన్నారనుకోండి, ఛాతీ ఫిల్ములో ఊపిరితిత్తుల అడుగుభాగం తెగినా "చాల్లే" అని పంపేస్తారు. రేడియాలజిస్టు తిట్టుకుంటూ రిపోర్టు ఇస్తారు, మీ కాగితం మీద మాత్రం రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. అసలు రిపీట్ ఎందుకయిందో కారణం (పొజిషన్ తప్పా, ఎక్స్‌పోజర్ తప్పా, పేషెంటు కదిలాడా) రాసి, దాన్ని చూసి పద్ధతి మార్చినవాళ్లకు ఇవ్వండి అవార్డు.

"తప్పులు సున్నా" ఇంకా ప్రమాదం. మీది క్వాలిటీ విభాగం, మీకు నేను చెప్పక్కర్లేదు, తప్పు జరగబోయి ఆగినప్పుడు రాసి ఇచ్చేవాళ్లు అసలే తక్కువ. సున్నాకి బహుమతి పెడితే ఆ కొద్దిమందీ రాయడం మానేస్తారు. కుడి మోకాలికి రాయాల్సింది ఎడమ అని రిక్వెస్టులో వస్తే, ఫిల్ము తీయకముందే వార్డుకి ఫోన్ చేసిన కుర్రాడికి ఇవ్వండి. అలాంటివి మీ ఇన్సిడెంట్ ఫారాల్లోనే దొరుకుతాయి. అంకెలు అసలే వద్దనను. ల్యాబ్‌లు ఎలాగూ వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వంటివి నడిపే బయటి క్వాలిటీ పరీక్షల్లో పాల్గొంటాయి కదా, ఆ ఫలితాలు మొత్తం టీముకి ఇచ్చే అవార్డుకి పనికొస్తాయి, ఒక్క మనిషికి కాదు.

జవాబు (హెచ్‌ఆర్, విజయవాడ)
ఎవరు వస్తారన్నదానికి 2021 నాటి జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూలు చూడండి, పది వర్గాలున్నాయి. మొదటిదే మెడికల్ ల్యాబొరేటరీ. ఫిజియో, డైటీషియన్, ఆప్టోమెట్రిస్టు, రేడియాలజీ, డయాలసిస్ వాళ్లే కాదు, మెడికల్ రికార్డ్స్ వాళ్లు కూడా ఉన్నారు (వీళ్లను అందరూ మర్చిపోతారు). ఫార్మసిస్టులకు 1948 నాటి చట్టం వేరే ఉంది, నర్సులు కూడా వేరు. మీరు ఫార్మసీని కలుపుకుంటే తప్పేం లేదు, కానీ ముందే రాసి పెట్టుకోండి.

ఏజెన్సీ తరఫున పనిచేసే టెక్నీషియన్లు అర్హులా కాదా అన్నది సర్క్యులర్లోనే తేల్చేయండి. నా మాట అడిగితే అర్హులే. రాత్రి డయాలసిస్ నడిపేది చాలాచోట్ల వాళ్లే. కమిటీలో కనీసం ఇద్దరు టెక్నీషియన్లు ఉండాలి, హెచ్‌ఓడీ తన డిపార్ట్‌మెంటు పేరు వచ్చినప్పుడు ఓటు వేయకూడదు.

జవాబు (ఫిజియో, ఇంగ్లండ్)
తేదీ గురించి: ఇక్కడ అక్టోబర్ 14 అలైడ్ హెల్త్ డే. అందరికీ కలిపి ఒకే వేడుక కావాలంటే అదే మంచిది. లేదంటే ఎవరి రోజు వాళ్లకి: ల్యాబ్‌కి ఏప్రిల్ 15, ఫిజియోకి సెప్టెంబర్ 8, రేడియోగ్రఫీకి నవంబర్ 8 (1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన రోజు). ఒక్క హెచ్చరిక. ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) అవార్డు ఫారాలు నెట్‌లో దొరుకుతాయి కదా అని యథాతథంగా దించకండి. ఇంగ్లండ్ లెక్కలో అలైడ్ హెల్త్ కింద 14 వృత్తులే, అందులో ల్యాబ్ లేదు. మీ అసలు సమస్యే ల్యాబ్ కదండీ!

ప్రశ్న అడిగినవారు
అక్టోబర్ 14 ఖాయం చేస్తాం. షీటు చించేశాను 🙂 నగదు ఇవ్వాలా, షీల్డు చాలా?

జవాబు (ల్యాబ్ సీనియర్ టెక్నాలజిస్ట్, విశాఖ)
షీల్డు బీరువా మీదకి పోతుంది మేడమ్. ఎంతో కొంత నగదు, లేదంటే కాన్ఫరెన్సు ఫీజు కట్టి రెండు రోజుల సెలవు. సర్టిఫికెట్లో "స్టాఫ్" అని కాకుండా అసలు హోదా రాయించండి, ఏం చేశారో రెండు వాక్యాలు కూడా. ఇంకో ఉద్యోగానికి వెళ్లినప్పుడు పనికొచ్చేది అదే. ప్రోగ్రాం మాత్రం సాయంత్రం పెట్టకండి. మధ్యాహ్నం 2 గంటలకు షిఫ్టు మారేటప్పుడు పెడితే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఉంటారు, రాత్రి డ్యూటీ వాళ్లు కూడా నిద్ర లేచి రాగలరు.